బంగాళాదుంప దాకా చదివాను

నా చదువు ఎంతవరకని ఎవరైనా అడిగితే బంగాళాదుంప దాకా అని చెబుతాను. అడిగినవాళ్ళు నవ్వుతారు. నవ్వాలనే చెబుతాను. ఎనిమిదో తరగతి మధ్యలో మానేశానంటే జాలిపడతారు, ఆ జాలిని ఇంటిదాకా మోసుకుపోవాలి నేను. నవ్వయితే అక్కడే అయిపోతుంది. పైగా నా తల కూడా గుండ్రంగా, అక్కడక్కడ గుంటలతో, మట్టి రంగులో ఉంటుంది కనుక ఆ మాట నాకు నప్పుతుంది. జంషెడ్‌పూర్‌లో, గోల్‌మురి మార్కెట్లో నలభై ఏళ్ళు సైకిళ్ళకీ స్కూటర్లకీ పంక్చర్లు వేసినవాడిని. ట్యూబులోకీ మాటలోకీ గాలి కొట్టడంలో నన్ను మించినవాడు లేడని మా బజారులో పేరు. కానీ ఈ దుంప సంగతిలో మాత్రం నేను గాలి కొట్టింది ఒకే ఒక్క చోట. దానికే నా చదువు పేలిపోయింది.

మొన్న మా అప్ప గోల్‌మురి క్వార్టరు ఖాళీ చేసింది. అప్పంటే మా అక్క, నాకంటే రెండేళ్ళు పెద్దది. బావ పోయాక కొడుకు గోవింద్‌పూర్‌లో కట్టుకున్న ఇంటికి వెళ్ళిపోతోంది. సామాను దించడానికి నన్ను పిలిచింది. దించేది నేను కాదు, నా నడుముకి ఆ పదవి నుంచి ఎప్పుడో విరమణ అయింది. దించేవాళ్ళని తిట్టడానికి పిలిచిందన్నమాట. అటక మీద నుంచి మా నాన్న రేకు పెట్టె దిగింది. లోపల ఆయన డ్యూటీ బూట్లు ఒక జత, అమ్మ ఇత్తడి గరిటె, అడుగున ఒక నోటుబుక్కు. అట్ట మీద నా పేరు, ఎనిమిదో తరగతి, తెలుగు. తెరిస్తే మొదటి పేజీలో నా వంకర అక్షరాలు, వాటికి అడ్డంగా ఎర్ర సిరాతో మాష్టారు రాసిన ఒకే మాట: అజ్ఞానం. యాభై ఏళ్ళు దాటినా ఆ ఎరుపు వెలవలేదు. మంచి సిరా వాడేవారు మాష్టారు.

ఆ మాట చూడగానే నాకు ముందు గుర్తొచ్చింది బడి కాదు, మా వంటగది. తెల్లారకుండానే కార్ఖానా భోంపూ కూసేది. దానికంటే ముందే అమ్మ బొగ్గుల కుంపటి అంటించి వరండాలో పెట్టేది. వరసన ఇరవై క్వార్టర్లు, ఇరవై కుంపట్లు, ఆ పొగలో నుంచి ఎవరి నాన్న సైకిలు ఎవరిదో గంట చప్పుడుని బట్టి పోల్చుకునేవాళ్ళం. మా నాన్న రేకుల కార్ఖానాలో పని. ఆయన చొక్కాకి తగరం, ఆసిడు కలిసిన ఒక పుల్లటి వాసన ఉండేది, ఎన్ని సబ్బులరిగినా పోయేది కాదు. ఆ వాసనకి పక్కనే ఇంకో వాసన, కుంపట్లో నిప్పుల కింద కాలుతున్న దుంపల వాసన. డ్యూటీకి డబ్బాలో అన్నం, కాల్చి మెదిపి ఉప్పూ ఉల్లిపాయా ఆవనూనె కలిపిన దుంప. ఆవనూనె ఇక్కడివాళ్ళ దగ్గర నేర్చుకున్నది, చివర్లో వేసే ఎండుమిరపకాయ పోపు మాత్రం మాది. మంచం కింద ఎప్పుడూ ఒక దుంపల బస్తా ఉండేది. కత్తిపీట ముందు ఎప్పుడూ అప్ప ఉండేది. మా ఇంట్లో ఆ రెండూ కదలడం నేను చూడలేదు.

అప్పని బడికి పంపలేదు. ఎందుకని మేమెవరం అడగలేదు. అమ్మకి చేతికింద ఒకరుండాలి, బడికి ఒకరు పోవాలి. ఉన్నది ఇద్దరం, కనుక లెక్క సరిపోయింది.

మా వరసలో ఆ దుంపకి ఎన్ని పేర్లో! ఇటు పక్క బిహారీ చాచీకి ఆలూ. అటు పక్క బెంగాలీ మాసీమాకి గోల్ ఆలు, గుండ్రంగా ఉంటుంది కనుక. చివరి క్వార్టరులో చిత్తూరు నుంచి వచ్చిన ఫోర్‌మన్‌గారి ఇంట్లో ఉర్లగడ్డ, దొర్లుతుంది కనుక. మాకు మాత్రం బంగాళాదుంప. ఒకరోజు నేను మాసీమా దగ్గరకెళ్ళి, మా భాషలో దీనికి మీ దేశం పేరే పెట్టాం, సంతోషమేనా అని అడిగాను. ఆవిడ చేప తోముతున్నది తోముతున్నట్టే ఆపి, ఇది మాది కాదు బాబా, సాహెబులు ఓడల్లో తెచ్చారు అంది. అంటే పాపం వాళ్ళని అడక్కుండానే దానికి వాళ్ళ ఇంటిపేరు తగిలించేశాం. ఆ అలవాటు మనకొక్కళ్ళకే లేదనుకోండి. శ్రీకాకుళం జిల్లా నుంచి వచ్చిన మమ్మల్ని ఈ ఊళ్ళో అందరూ మద్రాసీ అనేవారు. మద్రాసు మా ఇంట్లో ఎవరూ కలలో కూడా చూడలేదు. సెలవులకి మా ఊరెళితే అక్కడ మేము బంగాళావోళ్ళం, ఈ వైపంతా వాళ్ళకి బంగాళాయే. వచ్చిన దారి పేరు పెట్టి పిలవడం లోకానికి సులువు. ఎక్కడ పుట్టావని అడిగి తెలుసుకోవాలంటే కాస్త కూర్చోవాలి కదా.

తెలుగు మాష్టారు ఒక రోజు క్లాసులో అన్నారు, రేపు ప్రతివాడూ ఒక కూరగాయ పేరు తీసుకుని, ఆ పేరుకి అర్థమేమిటో, అది ఎక్కడినుంచి వచ్చిందో ఇంట్లో పెద్దలనడిగి రాసుకు రావాలని. ఆయన గోదావరి వైపు నుంచి వచ్చినవారు. తెల్ల పంచె, ఇస్త్రీ చొక్కా. మేము మాట్లాడేది తెలుగని ఆయన ఎన్నడూ ఒప్పుకోలేదు. ఏటి అని ఎవరి నోటినుంచైనా వస్తే, ఏరు ఎక్కడుందిరా, ఒడ్డున పడేయనా అనేవారు. ఆయనంటే నాకు భయం, ఇష్టం కూడా. నా వెక్కిరింతలకి క్లాసంతా నవ్వితే ఆయన కూడా మీసం కింద నవ్వేవారు. ఆ నవ్వు కోసమే నేను బడికి వెళ్ళేవాడిని, మిగతాదంతా దారి ఖర్చు.

ఇంటికొచ్చి అమ్మనడిగాను. అమ్మ బియ్యంలో రాళ్ళేరుతూ, "బంగాళా నించొచ్చింది గావట్టి బంగాళాదుంప. దాన్ని మనూరు తెచ్చింది మీ తాతే గదా," అంది.

"మా తాతా?"

"మరెవులనుకున్నావు? బొగ్గు మోయడానికని మొదట ఇటొచ్చినోడు మీ తాత. అందరూ ఊరికి గుడ్డలూ సబ్బులూ తీసుకెళ్తే, ఈయన మూటెడు దుంపలు తీసుకొచ్చినాడట. ఊరోళ్ళు ఇసమేమో అని బయపడ్డారు."

కత్తిపీట దగ్గరనుంచి అప్ప తల ఎత్తకుండానే, "ముందు మేకకి పెట్టారు గదమ్మా, అది సెప్పు," అంది. ఇంట్లో చెప్పిన ప్రతి కబురూ అప్ప దగ్గర భద్రంగా ఉండేది.

"ఔను, మేకకి పెట్టారు. మేక బాగుంది. తరవాత మీ తాతమ్మకి పెట్టారు," అంది అమ్మ. తాతమ్మ కూడా బాగుందట. ఆ రోజు నుంచి ఊళ్ళో మా ఇల్లు దుంపలోరిల్లు అయింది. తాత మిగిలిన దుంపల్ని పెరట్లో పాతాడు, ఎండకి కుళ్ళిపోయాయి. అది మా ఊళ్ళో పండదని తెలిశాక, ఇక ప్రతి ప్రయాణానికీ ఒక బస్తా ఇక్కడినుంచి తీసుకెళ్ళడం మొదలుపెట్టాడు. తాత పోయాక నాన్న తీసుకెళ్ళాడు. అప్పటికి మా ఊరి సంతలో దుంపలు రాశులుగా పోసి అమ్ముతున్నారు, అయినా సరే. రైల్లో సీటు కింద ఆ బస్తా, దానిమీద మా కాళ్ళు. ఊరు చేరగానే నాన్న కాళ్ళు కూడా కడుక్కోకుండా ఇంటింటికీ నాలుగేసి దుంపలు పంచేవాడు. మొదటి నాలుగూ తాత ఫొటో ముందు. బంగాళా దుంపలొచ్చినాయి అని జనం తీసుకునేవారు, వాళ్ళ వంటింట్లో అవే దుంపలు ఉన్నా కూడా.

నేను ఇదంతా రాశాను. మేకని రాశాను, తాతమ్మని రాశాను. కాకపోతే మన ఊరికి తెచ్చాడని అమ్మ చెబితే, ఊరికంటే ఎవడు నవ్వుతాడని, ఆంధ్రదేశానికి బంగాళాదుంపను తెచ్చినవాడు మా తాత అని రాశాను. ముందు చెప్పానే, గాలి కొట్టింది ఒకే చోటని, అది ఇదే.

మాష్టారు దాన్ని క్లాసులో పైకి చదివారు. మేక దగ్గర అందరూ నవ్వారు, నేను లేచి దండం పెట్టాను. ఈసారి ఆయన మీసం కింద నవ్వు లేదు. ఆ దుంప సముద్రాలవతల కొండల్లో పుట్టిందనీ, పోర్చుగీసువాళ్ళు ఓడల మీద తెచ్చారనీ, ఆలు అనే మాట సంస్కృతంలో వేరే దుంపలకి ఉండేదనీ, అది దీనికి అంటుకుందనీ, బంగాళా దారిన మన వైపు వచ్చింది కనుక ఆ పేరనీ బోర్డు మీద చక్కగా రాశారు. ప్రతి అక్షరం నిజం. నేను ఇన్నేళ్ళుగా ఆయన మీద కోపం పెట్టుకున్నాను గానీ ఆయన చెప్పిన దాంట్లో అబద్ధం ఎక్కడా చూపించలేను. ఆ తర్వాత, నిజంతో ఊరుకోకుండా, "కూలి చేసుకోవడానికి వచ్చినవాళ్ళు చరిత్ర రాస్తే ఇలాగే ఉంటుంది," అన్నారు. అప్పుడు కూడా క్లాసు నవ్వింది. మేక దగ్గర నవ్విన నోళ్ళే. ఆ రెండు నవ్వులకీ చప్పుడులో తేడా లేకపోవడం నాకు ఇప్పటికీ ఆశ్చర్యం. నేను ఊరుకున్నానా? "మీ తాత ఓడలో ఉన్నాడా మాష్టారూ, సూసినట్టు సెప్తన్నారు?" అన్నాను.

మర్నాడు నాన్నని పిలిపించారు. డ్యూటీ నుంచి తిన్నగా వచ్చాడు, అదే చొక్కా, అదే పుల్లటి వాసన. సైకిలు గేటు దగ్గర పెట్టి, క్లిప్పులు తీయడం మరిచిపోయి, పంట్లాం కాళ్ళు చీలమండల దగ్గర బిగిసి ఉండగానే క్లాసు గుమ్మంలో నిలబడ్డాడు. మాష్టారు కుర్చీలోంచి లేవలేదు. నోటుబుక్కు ముందుకు తోసి, "ఏమయ్యా, మీ నాన్న ఈ దేశానికి బంగాళాదుంపలు తెచ్చాడట, నిజమేనా?" అన్నారు.

నేను నాన్న మొహం వైపు చూశాను. ఊరికి తెచ్చాడు బాబూ అని ఒక్క మాట చెబితే చాలు, దేశం అన్న తప్పు నేను ఒప్పేసుకుంటానని మనసులో సిద్ధంగా ఉన్నాను. ప్రతి ఏడూ బస్తా మోసినవాడు, తాత ఫొటో ముందు నాలుగు దుంపలు పెట్టి కళ్ళు మూసుకున్నవాడు, చేతులు కట్టుకుని, "మా అయ్య ఏ దుంపలూ తేనేదు బాబూ. ఆయన బొగ్గు మోసుకున్నోడు. ఈడు కుర్రోడు, తెలీక రాసీసినాడు. తప్పయిపోనాది. బడిలోంచి తీసీకండి," అన్నాడు.

మాష్టారు తీసేయలేదు. ఆ విషయంలో మంచివారే. "బంగాళాదుంపను మా తాత తేలేదు" అని వందసార్లు రాసుకొచ్చి కూర్చోమన్నారు.

దారిలో సైకిలు వెనక క్యారియర్ మీద కూర్చుని నాన్న వీపుని అడిగాను.

"తాత తెచ్చినాడా, తేలేదా నాన్నా?"

"తెచ్చినాడు."

"మరలగ సెప్పినావేటి?"

చాలాదూరం తొక్కాక, ఎత్తు ఎక్కలేక దిగి సైకిలు నడిపిస్తూ చెప్పాడు. "నువ్వు సదుంకోవాల. తాత సచ్చిపోనాడు, ఆయనకింక ఏటనిపించదు."

ఇంటికొచ్చి నులకమంచం మీద బోర్లా పడుకుని రాయడం మొదలుపెట్టాను. తొమ్మిది సార్లు రాశాను. పదోది రాయబోతుంటే చేయి ఆగిపోయింది. పెన్ను విసిరేశాను, మంచం కిందకి ఎక్కడికో పోయింది. ఇక బడికి వెళ్ళనని చెప్పాను. నాన్న కొట్టాడు, వెళ్ళలేదు. బతిమాలాడు, వెళ్ళలేదు. నా చదువు కోసం ఆయన సొంత తండ్రిని కాదన్నాడు, కాదన్నందుకు నేను చదువునే కాదన్నాను. మేమిద్దరం ఒకరికొకరు చేసుకున్న మేలు ఇది. పదిహేను రోజులకి నన్ను సైకిలు షాపులో పెట్టారు.

ఆ రోజుల్లో జరిగిన ఒక తమాషా కూడా చెప్పాలి. ఒక ఉదయం అప్ప రెండు జడలు వేసుకుని, నా బడి సంచీ భుజాన తగిలించుకుని గుమ్మంలో నిలబడింది. "ఏటే ఆ ఏసం?" అంది అమ్మ. "ఖాళీగానే ఉంది గదమ్మా సంచీ," అంది అప్ప. నేను వెంటనే, "ఎల్లు, ఎల్లు, మాష్టారు నీసేత దుంపలకి తొక్కలు తీయిత్తాడు," అన్నాను. అందరం పడీ పడీ నవ్వాం. అప్ప కూడా నవ్వింది. ఆ తర్వాత ఆ సంచీ బజారు నుంచి దుంపలు తేవడానికి పనికొచ్చింది.

ఆ వేసవిలో ఊరెళ్ళినప్పుడు రైల్లో సీటు కింద బస్తా లేదు. కాళ్ళు ఎక్కడ పెట్టుకోవాలో తెలియక మేమంతా ఒకళ్ళనొకళ్ళం తన్నుకుంటూ వెళ్ళాం. నాయనమ్మ ఎదురొచ్చి, "దుంపలేవిరా?" అంది. "బజార్లో దొరకనేదమ్మా," అన్నాడు నాన్న. జంషెడ్‌పూర్ బజార్లో దుంపలు దొరకలేదన్న మాటని మా నాయనమ్మ నమ్మింది. లేదా నమ్మినట్టు ఊరుకుంది. మరుసటి ఏడు ఆవిడ అడగలేదు. ఊళ్ళోవాళ్ళూ అడగలేదు. ఇప్పుడు ఆ ఊళ్ళో దుంపలోరిల్లు ఏదంటే చూపించేవాడు లేడు. ఇల్లు కూడా లేదనుకోండి.

ఇప్పుడు ఎవరికీ ఎవరినీ అడగాల్సిన పని లేదు. మొన్న నా మనవరాలిని, బంగాళాదుంప ఎక్కడినుంచి వచ్చిందే అని తెలుగులో అడిగాను. అది ఫోనులోంచి తల ఎత్తకుండా, "పెరూ సే, దాదూ. సౌత్ అమెరికా," అంది. సౌతే కదా, అయితే అది కూడా మద్రాసీదే అన్నాను. నవ్వలేదు. దానికి మద్రాసీ అనిపించుకోవడం ఎలా ఉంటుందో తెలియదు. ఒక విధంగా మంచిదే. మట్టి అంటని దుంపలు కడిగి సంచీలో కట్టి, ఫోను నొక్కిన పది నిమిషాలకి గుమ్మంలోకి వస్తున్నాయి. ఏ తాతా మోయక్కర్లేదు. కుంపట్లు పోయాయి, మా వరసలో చాలా క్వార్టర్లు పోయాయి. నేను మానేసిన బడిలో ఇప్పుడు తెలుగు కూడా మానేశారు. మాష్టారికీ నాకూ మధ్య తగువు ఏ భాషలో నడిచిందో ఆ భాష చదవగలిగినవాళ్ళు మా ఇంట్లో నేనొక్కడినే మిగిలాను. పంక్చర్ల మధ్య ఖాళీలో, దుకాణానికొచ్చిన పాత పేపర్లు చదువుకుంటూ నిలబెట్టుకున్న చదువు ఇది.

ఇక ఆ నోటుబుక్కు. తొమ్మిది సార్లు రాసి పెన్ను విసిరేశానని యాభై ఏళ్ళుగా ప్రతివాడికీ చెప్పుకుంటూ వచ్చాను. పదోసారి రాయనివాడు అని నాకు నేను ఇచ్చుకున్న బిరుదు అది. నోటుబుక్కులో లెక్కపెట్టాను. వంద ఉన్నాయి. మొదటి తొమ్మిదీ స్టాండు విరిగిన సైకిలులా పక్కకి వాలిపోయి ఉన్నాయి, నావే, ఒప్పుకుంటాను. పదోది నుంచి అక్షరాలు పెద్దవిగా, ఒక్కొక్కటీ విడివిడిగా, తూకానికి పెట్టిన దుంపల్లా ఉన్నాయి. యాభై దాటాక కాస్త దగ్గరకి జరిగాయి. చివరి పేజీకి వచ్చేసరికి గీత మీద నిలబడ్డాయి. భయం చేతిరాతని బాగుచేస్తుందేమో. అంటే నేను రాశానన్నమాట. నాన్నతో పాటు నేను కూడా తాతని కాదన్నాను, నిండా వందసార్లు, ఆపైన మరిచిపోయాను. నాన్న ఒక్కసారే అన్నాడు, అన్నానని ఆయనకి గుర్తుంది, బస్తా మానేశాడు. నేను మాత్రం వీరుడినని చెప్పుకుంటూ తిరిగాను. ఆ నోటుబుక్కుని పెట్టెలో దాచింది నాన్నే అయి ఉంటాడు, నా ముందు ఎప్పుడూ తీయకపోవడం ఆయన మంచితనం. ఇది రాస్తుంటే నోరు చేదుగా ఉంది, పచ్చబడ్డ దుంప కొరికినట్టు.

ఇంతవరకు రాసి, నిన్న గోవింద్‌పూర్ వెళ్ళి అప్పకి చదివి వినిపించాను. కొత్త ఇంట్లో కూడా కత్తిపీట ముందే కూర్చుంది, కోడలు చాకు కొనిచ్చినా వాడదు. మేక దగ్గర నవ్వింది. నాన్న గుమ్మంలో నిలబడ్డ చోట కొంగు కళ్ళకద్దుకుంది. సంచీ దగ్గరకి వచ్చేసరికి, "మల్లీ సదువు," అంది. మళ్ళీ చదివాను. అంతా అయ్యాక చెయ్యి తుడుచుకుని, నోటుబుక్కు తీసుకుని, పదో వరస మీద వేలు పెట్టింది.

"ఇక్కడ నించీ నావి. మంచం కిందన పడ్డ పెన్ను నాకు దొరికింది. నువ్వు రాసిన తొమ్మిదీ సూసి మిగతావన్నీ నాను రాసినాను, దుంపలు తరిగి ఒక్కటి, బువ్వ వండి ఒక్కటి. దాసింది కూడా నాన్న కాదు, నానే. నువ్వు ఈరుడివేలేరా, ఏడవకు. బడి మానీసినానని ఇన్ని కాయితాలు రాసీసినావు. నాకు రాయడం వచ్చింది ఆ ఒక్క ముక్కే. తాత తెచ్చినాడని రాయాలంటే నాకు ఇప్పటికీ రాదు, తేలేదనే వచ్చు."